ఒహాయో వెళ్తే నా కమ్యూనిటీ మెడిసిన్ వృథా అవుతుందా?

ప్రశ్న:

మేడమ్, నమస్తే. నాకు 34 ఏళ్లు. మాది నెల్లూరు. కాకినాడ రంగరాయలో ఎంబీబీఎస్ చదివి, చెన్నైలో ఎండీ కమ్యూనిటీ మెడిసిన్, అంటే ఒక్కో రోగిని కాకుండా జనం మొత్తం ఆరోగ్యాన్ని చూసే చదువు, చేశాను. ఇప్పుడు ఉత్తర చెన్నైలో ఒక అర్బన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) కాంట్రాక్టు మీద మెడికల్ ఆఫీసర్‌గా ఉన్నాను. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హెచ్-1బి వర్క్ వీసా మీద ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటున్నారు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ పోయినేడాది అప్రూవ్ అయింది. ఇక నన్నూ, మా అయిదేళ్ల పాపనూ వచ్చేయమంటున్నారు.

నా టెన్షనంతా నా పని గురించే. మా ఆడపడుచు భర్త అక్కడ కార్డియాలజిస్టు. "కమ్యూనిటీ మెడిసిన్ ఇక్కడ ఎవరికీ అక్కర్లేదమ్మా. ఇక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాసి ఇంటర్నల్ మెడిసిన్‌లో చేరు, లేదంటే ఇంట్లో కూర్చోవాల్సిందే" అన్నారు అన్నయ్యగారు. మా అత్తగారైతే మొదట్నుంచీ "చెయ్యి పట్టి చూడని డాక్టరేం డాక్టరు" అంటూనే ఉంటారు.

నాకేమో ఈ పనంటేనే ఇష్టం. పోయిన వర్షాల్లో మా ఏరియాలో ఒకే వీధి నుంచి వాంతులు, విరేచనాల కేసులు వరసగా వచ్చాయి. నేనూ మా హెల్త్ ఇన్‌స్పెక్టరూ ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నాం. ఆ వీధిలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలు ఎక్కువ. ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. తమిళంలో అడిగితే "ఒన్నుమిల్లమ్మా" (ఏమీ లేదమ్మా) అని తలుపేసుకున్నవాళ్లే, తెలుగులో పలకరించేసరికి కూర్చోబెట్టి అంతా చెప్పారు. చివరికి నీళ్ల పైపులో మురుగు కలుస్తోందని తేలింది. పైపు మార్చారు. కేసులు ఆగిపోయాయి.

ఎప్పటికైనా ఒక ఊరి ఆరోగ్య శాఖను నడిపించాలని నా కోరిక. పరాయి దేశంలో అది అయ్యే పనేనా? ఇప్పుడే రిజైన్ చేసి వెళ్లాలా, కొన్నాళ్లు ఆగాలా?

ఒక డాక్టర్, చెన్నై

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మీరు ఏదో మాటవరసకు రాసి వదిలేసిన విషయంతో మొదలుపెడతాను. అదే ఐ-140. మీ డిగ్రీ కంటే ముందు మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా ఉద్యోగం చేసే హక్కు ఉండదు. మన తెలుగు ఇళ్లలో ఎంతమంది చదువుకున్న ఆడపిల్లలు ఈ ఒక్క నిబంధన వల్ల ఏళ్ల తరబడి ఇంట్లో ఉండిపోయారో మీకూ తెలుసు. అయితే భర్తకు ఐ-140 అప్రూవ్ అయి ఉంటే, 2015 నుంచి భార్య వర్క్ పర్మిట్‌కు, అంటే ఈఏడీ కార్డుకు అప్లై చేసుకోవచ్చు. ఆ కార్డు చేతికొస్తే ఏ ఆఫీసూ మిమ్మల్ని స్పాన్సర్ చేయనక్కర్లేదు, హెచ్-1బి లాటరీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. కౌంటీలో (అక్కడి జిల్లా) చేరినా, యూనివర్సిటీలో చేరినా ఎవరూ కాదనరు. మీరు చేయాలనుకుంటున్న పనికి ఇది చాలా పెద్ద మాట. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఒక చిన్న కౌంటీ ఆరోగ్య శాఖ అంత డబ్బు కట్టి విదేశీ డాక్టరును తెచ్చుకుంటుందని ఆశపడలేం. మీకు ఆ అవసరమే రాదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. ఈఏడీకి అప్లై చేయాలంటే ముందు అక్కడికి వెళ్లి హెచ్-4 మీద ఉండాలి. చెన్నైలో కూర్చుని చేయడం కుదరదు. పైగా కార్డు రావడానికి నెలలు పడుతుంది. రెన్యువల్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నంతకాలం పాత కార్డు దానంతటదే చెల్లే వెసులుబాటు ఒకటి ఉండేది. 2025 అక్టోబరు చివర్లో దాన్ని తీసేశారు. కాబట్టి గడువుకు 180 రోజుల ముందే రెన్యువల్‌కు అప్లై చేసేయాలి. ఈ నిబంధనలు ఎప్పుడు మారతాయో చెప్పలేం కనుక, టికెట్ కొనే ముందు మీవారి కంపెనీతో సంబంధం లేని ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడండి. ఆ ఫీజుకు వెనకాడొద్దు.

ఇక అన్నయ్యగారి సలహా. ఆయన నడిచొచ్చిన దారి అదే కాబట్టి ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేం లేదు. కానీ ఆ దారి మీ కోరిక వైపు వెళ్తుందా అన్నది ఆయన ఆలోచించలేదు. యూఎస్ఎంఎల్ఈలో స్టెప్ 1, స్టెప్ 2 సీకే పాసవ్వాలి. విదేశాల్లో చదివిన డాక్టర్లకిచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అక్కడి ఆస్పత్రుల్లో కొంతకాలం ఉండి సీనియర్ డాక్టర్ల చేత సిఫార్సు లేఖలు రాయించుకోవాలి. ఆ తర్వాత మ్యాచ్‌లో, అంటే రెసిడెన్సీ (ఆస్పత్రి ట్రైనింగ్) సీట్ల కేటాయింపులో, సీటు రావాలి. మార్చిలో ఫలితాలొస్తే జులైలో చేరతారు. ఇంటర్నల్ మెడిసిన్ మూడేళ్లు. ఎంబీబీఎస్ అయి అయిదేళ్లు దాటినవాళ్లను మొదటి వడపోతలోనే తీసేసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. మీకు అది ఎప్పుడో దాటిపోయింది. ఇదంతా అయ్యేసరికి మీకు నలభై దాటుతుంది. అప్పుడు చేతికొచ్చేది ఇంటర్నల్ మెడిసిన్. మీరు కోరుకున్నది అది కాదు.

అక్కడ ప్రివెంటివ్ మెడిసిన్ అనే రెసిడెన్సీ విడిగా ఉంది. మన కమ్యూనిటీ మెడిసిన్‌కు దగ్గర బంధువు. ముందు ఒక ఏడాది క్లినికల్ ట్రైనింగ్, తర్వాత రెండేళ్లు, అందులోనే ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) కూడా అయిపోతుంది. ఎవరైనా ఇరవై ఆరేళ్లవాళ్లు అడిగితే కళ్లు మూసుకుని దానికే వెళ్లమంటాను. మీకు చెప్పను. సీట్లు తక్కువ, ఆ మొదటి క్లినికల్ ఏడాది కోసం మళ్లీ పైన చెప్పిన తతంగమంతా చేయాలి. మీ ఇండియా ఎండీని రెసిడెన్సీ కింద లెక్కవేయరు. టెన్నెసీ లాంటి కొన్ని రాష్ట్రాలు విదేశాల్లో ట్రైనింగ్ అయిన డాక్టర్లకు మళ్లీ రెసిడెన్సీ అక్కర్లేకుండా ప్రొవిజనల్ లైసెన్సు ఇవ్వడానికి 2023 నుంచి చట్టాలు చేస్తున్నాయి. వాటికీ ఈసీఎఫ్ఎంజీ కావాలి. పైగా అవి పేషెంట్లను చూసే డాక్టర్ల కోసం ఉద్దేశించినవి.

ఇక్కడ మిమ్మల్ని ఒక్క మాట అడగాలి. మీకు పేషెంటును చూడాలనిపిస్తుందా? పీహెచ్‌సీలో పొద్దున ఓపీ అయిపోయాక మీకు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుందా, వెలితిగా ఉంటుందా? వెలితిగా ఉంటుందంటే నేను రాసిందంతా పక్కన పెట్టి స్టెప్ 1 పుస్తకం తెరవండి. ఎన్నేళ్లు పట్టినా పట్టనివ్వండి. ఎందుకంటే లైసెన్సు లేకుండా అక్కడ మీరు ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయలేరు. ఆరోగ్య శాఖల్లో మెడికల్ డైరెక్టర్ అనే పదవి కూడా మీకు దొరకదు. ఆ బాధ జీవితాంతం వద్దు. కానీ మీ ఉత్తరమంతా వెతికినా నాకు ఒక్క పేషెంటు కనబడలేదు. ఒక వీధి కనబడింది. అందుకే మీరు పేషెంటు కంటే వీధిని చూసే రకం మనిషని అనుకుంటున్నాను.

మీరు వెళ్లేది ఒహాయోకి కావడం కలిసొచ్చింది. ఆ రాష్ట్రంలో కౌంటీ, సిటీ ఆరోగ్య శాఖలను నడిపే అధికారిని హెల్త్ కమిషనర్ అంటారు. బోర్డ్ ఆఫ్ హెల్త్ నియమిస్తుంది. ఆ పదవికి లైసెన్సున్న డాక్టరే ఉండాలని ఒహాయో చట్టం పట్టుబట్టదు. డెంటిస్టు కావచ్చు, పశువుల డాక్టరు కావచ్చు, పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ ఉన్నవాళ్లూ కావచ్చు. కమిషనర్ డాక్టరు కాని పక్షంలో మెడికల్ డైరెక్టరును విడిగా పెట్టుకోమంటుంది. అంటే మీరు అడిగిన కుర్చీకి రెసిడెన్సీ చేయకుండానే చేరే దారి చట్టంలోనే ఉంది. అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు. కొన్నిచోట్ల హెల్త్ ఆఫీసర్ అంటే డాక్టరే, అదీ అక్కడి లైసెన్సుతో. రేపు మీవారికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వస్తే, ఇల్లు వెతికే ముందు ఆ రాష్ట్ర చట్టం చూడండి.

మాస్టర్స్ మాత్రం అక్కడ చేయాల్సిందే. మీకు ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చూసే విద్య, రాదని కాదు. పాఠాల్లో సగం మీరే చెప్పగలరు. అయినా ఎంపీహెచ్ ఎందుకంటే, అక్కడి ఆఫీసులకు తెలిసిన డిగ్రీ అదొక్కటే, పైగా చదువులో భాగంగా ఏదో ఒక ఆరోగ్య శాఖలో పనిచేయాలి. మీకు మొదటి పరిచయాలు అక్కడే అవుతాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పబ్లిక్ హెల్త్ కాలేజీ కొలంబస్‌లోనే ఉంది. సిటీ ఆరోగ్య శాఖా, ఫ్రాంక్లిన్ కౌంటీ ఆరోగ్య శాఖా అదే ఊళ్లో ఉన్నాయి. హెచ్-4 మీద చదువుకోవచ్చు, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారనక్కర్లేదు. అప్లికేషన్లు సోఫాస్ అనే ఉమ్మడి పోర్టల్‌లో వేయాలి. ఆగస్టులో క్లాసులంటే చాలాచోట్ల అంతకుముందు డిసెంబరు, జనవరిల్లోనే గడువు ముగిసిపోతుంది. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఖర్చులన్నీ కలిపి లక్ష డాలర్లు దాటడం వింతేమీ కాదు కాబట్టి పేరు చూసి మోసపోకండి. స్టేట్ యూనివర్సిటీనే చూడండి, అక్కడ స్థానికుల ఫీజు మీకు వర్తిస్తుందేమో ముందే రాసి అడగండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పరాయి దేశంలో అయ్యే పనేనా అన్నది.

డెన్మార్క్ నుంచి హాఫ్‌డాన్ మాలర్ అనే యువ డాక్టరు 1950లలో మన దేశానికి వచ్చాడు. టీబీ కార్యక్రమంలో దాదాపు పదేళ్లు పనిచేశాడు. 1959లో బెంగళూరులో నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ అయ్యి 1988 దాకా ఉన్నాడు. 1978లో ఆల్మా-ఆటా అంతర్జాతీయ సభ ప్రకటన వచ్చింది ఆయన హయాంలోనే. మీ పీహెచ్‌సీ వెనకున్న ప్రాథమిక ఆరోగ్య సంరక్షణ అనే ఆలోచనను ప్రపంచమంతా ఒప్పుకున్నది ఆ సభలోనే. ఆయన పరాయివాడే. ఆయన భాష కర్ణాటక పల్లెల్లో ఎవరికీ తెలియదు.

ఆ బెంగళూరు సంస్థ తొలి రోజుల్లో చేసిన ఒక పని మీరు ఎండీలో చదివే ఉంటారు. తుమకూరు జిల్లా పల్లెల్లో టీబీ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి, మీకు దగ్గుందని తెలుసా, తెలిస్తే ఏం చేశారు అని అడిగారు. అప్పటిదాకా అందరి నమ్మకం ఒకటే: పల్లెటూరివాళ్లకు అవగాహన లేదు, ఆస్పత్రికి రారు, వాళ్లకు బోధించాలి. 1963లో అచ్చయిన ఆ అధ్యయనంలో తేలింది వేరు. సుమారు సగం మంది అప్పటికే ఆస్పత్రి గడప తొక్కారు. డాక్టరు దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశాడు. జనం వచ్చారు, మనమే చూడలేదు.

దీన్ని పక్కన పెట్టుకుని వెస్ట్ వర్జీనియా సంగతి చూడండి. ఒహాయోకి పక్క రాష్ట్రమే. రాహుల్ గుప్తా ఇండియాలో పుట్టి, ఢిల్లీలో మెడిసిన్ చదివి, అమెరికాలో రెసిడెన్సీ, ఎంపీహెచ్ చేసిన డాక్టరు. కనావా-చార్లెస్టన్ ఆరోగ్య శాఖకు అధికారి అయ్యారు. 2014 జనవరిలో ఎల్క్ నదిలోకి ఒక ట్యాంకు నుంచి రసాయనం కారి సుమారు 3 లక్షల మంది కుళాయి నీళ్లు వాడుకోలేకపోయినప్పుడు ఆ ఊరి హెల్త్ ఆఫీసర్ ఆయనే. మరుసటి ఏడాది రాష్ట్ర ఆరోగ్య కమిషనర్ అయ్యారు. ఆ రాష్ట్రం మత్తుమందుల ఓవర్‌డోస్‌తో అల్లాడిపోతోంది. 2016లో అలా చనిపోయిన వాళ్లందరి చివరి ఏడాది రికార్డులూ ఆయన శాఖ బయటికి తీసింది. ఎక్కడికి వెళ్లారు, ఎవరు చూశారు, ఏ మందు తీసుకున్నారు. ప్రతి అయిదుగురిలో నలుగురు ఆ ఏడాదిలో ఏదో ఒక ఆస్పత్రికో, అంబులెన్సుకో, మరో ఆరోగ్య సేవకో చేరినవాళ్లే. 2021లో ఆయన వైట్‌హౌస్ డ్రగ్ పాలసీ ఆఫీసుకు డైరెక్టర్ అయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి డాక్టరు.

యాభై ఏళ్లకు పైగా తేడా, రెండు ఖండాలు, ఒకచోట టీబీ, ఒకచోట మత్తుమందు. అడిగిన ప్రశ్న ఒక్కటే. మన గడప దాకా వచ్చినవాణ్ని ఎందుకు వదిలేశాం? మీకున్న చదువు ఈ ప్రశ్న అడగడానికే. అన్నయ్యగారు అక్కర్లేదంటున్నది ఈ చదువునే. ఒహాయోకీ ఓవర్‌డోస్ చావుల బాధ ఉంది. అక్కడ ఈ ప్రశ్న అడిగేవాళ్లు కావాలి.

మీ వీధి కథకు వస్తాను. "చివరికి తేలింది, పైపు మార్చారు" అని రెండు ముక్కల్లో ముగించేశారు. నేను ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుని ఉంటే అక్కడే ఆపేదాన్ని. ఎలా తేలింది? మొదటి కేసు ఏ ఇంట్లో, ఏ తారీఖున? పైపు లైనుకు ఏ వైపు ఇళ్లలో కేసులున్నాయి, ఏ వైపు లేవు? క్యాన్ నీళ్లు కొనుక్కునే ఇళ్లలో ఎవరికైనా వచ్చిందా? కుళాయి నీళ్లు క్లోరోస్కోపు గొట్టంలో పట్టి ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చిందా (క్లోరిన్ ఉన్నట్టు), నీళ్లు తెల్లగానే ఉండిపోయాయా (లేనట్టు)? ఆ తెల్లగా ఉండిపోయిన గొట్టం ఫోటో మీ ఫోన్‌లో ఉందా?

ఇంకా ముఖ్యమైనది, పైపు ఎవరు మార్చారు? మీరు మార్చలేరు. మార్చాల్సిన ఇంజనీర్లు మీ కింద పనిచేసేవాళ్లు కారు. మీరు కాంట్రాక్టు డాక్టరు, వాళ్లది వేరే శాఖ. వర్షాల్లో వాళ్లకు వంద ఫిర్యాదులుంటాయి. మీ వీధే ముందు తవ్వాలని వాళ్లను ఒప్పించిందెవరు? ఎవరి టేబుల్ మీద ఏ కాగితం పెట్టారు? ఆ కాగితంలో మ్యాపు ఉందా, ఉత్త విన్నపమేనా? మొదటిసారి వెళ్తే ఏమన్నారు? కౌన్సిలరు వచ్చారా? తవ్వేదాకా ఆ ఇళ్లకు ట్యాంకరు ఎవరు పంపారు? ఆరోగ్య శాఖను నడపడమంటే రోజూ ఇదే. మన మాట వినాల్సిన అవసరం లేనివాళ్ల చేత పని చేయించడం. బడి ప్రిన్సిపాల్, హోటల్ యజమాని, షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి), చర్చి పాస్టర్, బడ్జెట్ కోసే కౌంటీ పెద్దలు, వీళ్లెవరూ హెల్త్ కమిషనర్ కింద ఉద్యోగులు కారు. మీరు ఆ పని ఒకసారి చేసేశారు. దానికి పేరు పెట్టడం మీకు తెలియక ఉత్తరంలో వదిలేశారు.

వెళ్లేలోపు దాన్ని రాసిపెట్టండి. కాలక్రమంలో కేసుల గ్రాఫు, వీధి మ్యాపు, అటాక్ రేటు (మొత్తం జనంలో ఎంత శాతానికి జబ్బు వచ్చింది), నీటి పరీక్షల ఫలితాలు, తీసుకున్న చర్యలు, పైపు మార్చాక ఎన్ని రోజుల పాటు కొత్త కేసుల కోసం చూశారు. నాలుగైదు పేజీలు చాలు. పేషెంట్ల పేర్లు, ఇంటి నంబర్లు ఉండకూడదు. డేటా మీది కాదు, కార్పొరేషన్‌ది. కాబట్టి మీ పై అధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పత్రికకు పంపాలనుకుంటే ఎథిక్స్ కమిటీని కూడా అడగాలి. మీ ఊళ్లోనే అయపాక్కంలో ఐసీఎంఆర్ వారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఉంది. 2001 నుంచి ఫీల్డ్ ఎపిడెమియాలజీలో రెండేళ్ల మాస్టర్స్ నడుపుతోంది. ఔట్‌బ్రేక్ రిపోర్టు ఎలా రాయాలో తెలిసినవాళ్లు అక్కడున్నారు. మీ ఎండీ గైడు ద్వారా ఎవరినైనా కలిసి డ్రాఫ్టు చూపించండి.

తెలుగులో అడిగితే చెప్పారన్న ముక్క ఆ రిపోర్టులో తప్పకుండా రాయండి. నేను అమెరికాలో ఒక కౌంటీ ఆరోగ్య శాఖలో చాలా ఏళ్లు టీబీ పని చూశాను. ఒక కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే వలస కార్మికుడికి టీబీ వచ్చింది. ఎవరెవరితో ఉంటున్నావని మా నర్సు అడిగితే రెండు పేర్లు చెప్పి ఊరుకున్నాడు. రాత్రి షిఫ్టులో టీ టైమప్పుడు నేను వెళ్లి కూర్చున్నాను. నా చేతిలో ఫారం ఉంది. అతను నా మొహం చూడలేదు, ఆ ఫారం వైపే చూస్తున్నాడు. దుబాసీ ద్వారా అతను అడిగింది జబ్బు గురించి కాదు. "ఈ కాగితం ఎక్కడికి పోతుంది?" అని. ఎవరి బీరువాలో ఉంటుందో, ఎవరు చూస్తారో, ఎవరికి ఇవ్వమో చెప్పాను. నేనూ వీసా మీద వచ్చినదాన్నేనని చెప్పాను. కాసేపటికి ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. అందులో ఒక పసిబిడ్డ కూడా ఉంది.

కొలంబస్‌లో సొమాలీ కుటుంబాలు, భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 2022 చివర్లో ఆ ఊళ్లో తట్టు ప్రబలి 85 మంది పిల్లలకు వచ్చింది. దాదాపు అందరూ టీకా వేయించుకోనివాళ్లే. 2023 ఫిబ్రవరికి గానీ అయిపోయిందని ప్రకటించలేకపోయారు. అలాంటి సమయంలో ఒక తల్లి తలుపు తీసి మాట్లాడాలంటే ఎదురుగా ఎవరు నిలబడ్డారన్నది చాలా ముఖ్యం. మీకు సొమాలీ రాదు, నేపాలీ రాదు. కానీ తలుపు వేసుకున్న మనిషికి జబ్బు కంటే ముందు భయం ఉంటుందని, ఆ భయం గురించి ముందు మాట్లాడాలని మీకు తెలుసు. క్లాసులో ఇది రాదు. మీ ఇంగ్లిష్ యాస గురించి ఎవరైనా ఏమైనా అంటే, నిదానంగా రెండోసారి చెప్పండి. బోర్డు మీటింగుల్లో నేను అదే చేసేదాన్ని. కొన్నాళ్లకు అందరికీ అలవాటైపోయింది.

గులాబీ రంగు పూసి చెప్పలేను, అక్కడ పబ్లిక్ హెల్త్‌కు ఇప్పుడు మంచి రోజులు కావు. 2025 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు, కౌంటీలకు ఇచ్చిన దాదాపు 1,100 కోట్ల డాలర్ల గ్రాంట్లు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. అదే నెలలో ఫెడరల్ ఆరోగ్య శాఖలో 10,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. అనుభవం ఉన్న ఎపిడెమియాలజిస్టులే రోడ్డున పడ్డారు. వాళ్లూ మీరూ ఒకే ఉద్యోగానికి పోటీ పడతారు. ఎక్కువ ఫెడరల్ ఉద్యోగాలకు పౌరసత్వం కావాలి కాబట్టి ఫెడరల్ సంస్థ సీడీసీ మీద ఇప్పుడే ఆశ పెట్టుకోవద్దు. మీరు చూడాల్సింది సిటీ, కౌంటీ, యూనివర్సిటీ. మొదట దొరికేది చిన్న ఉద్యోగం. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి మీ సూపర్‌వైజర్ కావచ్చు. హోటల్ ఫుడ్ పాయిజనింగ్ ఫోన్‌కాల్స్ తీసుకునే పని ఇవ్వొచ్చు. తీసుకోండి. అన్నయ్యగారి జీతంతో మాత్రం ఎప్పుడూ పోల్చుకోకండి, ఆ తేడా ఈ జన్మకు పూడదు.

అత్తగారి మాటకు నేను ఒకటే చెబుతాను. ఆవిడను ఒకసారి ఆ వీధికి తీసుకెళ్లండి. వాదించనక్కర్లేదు. వాళ్లు మిమ్మల్ని ఎలా పలకరిస్తారో ఆవిడ చెవులారా వింటే చాలు.

ఇప్పుడే వెళ్లాలా, ఆగాలా? చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఈ వానలు అయిపోయేదాకా ఉండండి. డెంగీ, విరేచనాలు, నీళ్లు నిలిచిన వీధులు, మీకు ఇంకొక సీజను పని చేతికొస్తుంది. ఈలోపు ఇక్కడినుంచే సోఫాస్ అప్లికేషన్లు వేయండి. జనవరి, ఫిబ్రవరుల్లో బయల్దేరితే వెళ్లిన వారంలోనే ఈఏడీకి వేయొచ్చు. ఆగస్టుకి మీ క్లాసులూ, పాప కిండర్‌గార్టెనూ ఒకేసారి మొదలవుతాయి. మీవారు ఇప్పటికే ఒంటరిగా ఉన్నారు, పాప తండ్రి కోసం చూస్తోంది, అది నాకు తెలియక కాదు. ఈ కొద్ది నెలలు ఎందుకో ఆయనకు ఈ ఉత్తరం చూపించి చెప్పండి. వానల దాకా ఆగడం అసలు కుదరదనుకుంటే, కనీసం ఆ రిపోర్టు పూర్తయ్యేదాకా కదలకండి.

కాగితాలు ఇక్కడుండగానే తీసుకోండి. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నుంచి ఎంబీబీఎస్ ట్రాన్స్‌క్రిప్టులు, గిండీలోని ఎంజీఆర్ మెడికల్ యూనివర్సిటీ నుంచి ఎండీవి, ఆంధ్ర, తమిళనాడు మెడికల్ కౌన్సిళ్ల నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్లు. అక్కడికి వెళ్లాక ఫోన్ల మీద వీటిని తెప్పించుకోవడం నరకం. రిజైన్ లెటర్ ఇచ్చే ముందు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ డ్రాఫ్టు మీరే రాసి మీ పై అధికారి ముందు పెట్టండి. "మెడికల్ ఆఫీసర్‌గా పనిచేశారు" అని ఒక్క లైను రాసిస్తే తీసుకోవద్దు. ఎంత జనాభాకు బాధ్యత, మీ కింద ఎంతమంది సిబ్బంది, ఏయే కార్యక్రమాలు నడిపారు, ఏ ఔట్‌బ్రేక్‌ను ఎవరు పరిశోధించారు, ఇవన్నీ అందులో ఉండాలి. కింద సంతకం, సీలు, తారీఖు.